ఫ్రాన్సు వంటింట్లో గోగునార ఉట్టి

మొన్న నరసన్నపేట అవతల ఒక పెళ్ళికి కారులో వెళ్తుంటే, మా కోడలు ఉన్నట్టుండి కిటికీ అద్దం పైకెత్తేసి చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఏటి మావయ్యా ఈ కంపు! ఏదో సచ్చినట్టుంది" అంది. నేను నా వైపు అద్దం పూర్తిగా కిందకి దించాను. రోడ్డు పక్క గుంటలో ఒకాయన మొలలోతు నీళ్ళలో నిలబడి గోగు కట్టలు అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేను గుండెల నిండా ఆ గాలి పీల్చుకున్నాను. కోడలు నాకేదో అయిందన్నట్టు చూసింది. "ఏం లేదమ్మా, ఫ్రాన్సు గుర్తొచ్చింది" అన్నాను. కారు నడుపుతున్న మావాడు పగలబడి నవ్వాడు. "ఫ్రాన్సంటే లోకానికి సెంటు బుడ్డి గుర్తొస్తాది. మా నాన్నకి గోగు కంపు గుర్తొస్తాది" అన్నాడు. వాడి మాట అబద్ధం కాదు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. గోంగూర అందరికీ తెలుసు. ఆ జాతిలోనే మనిషెత్తు దాటి పెరిగే గోగుని మా వైపు నార కోసం వేస్తారు. వానలు వెనకబట్టాక కోసి, కట్టలు కట్టి, గుంటల్లో పడేసి, పైన బరువు పెట్టి ఊరేస్తారు. రెండు వారాలు పట్టొచ్చు, మూడు పట్టొచ్చు. అది నీళ్ళని బట్టి, ఎండని బట్టి. ఎప్పుడు బయటకి తీయాలన్నదే అసలు విద్య. తొందరపడితే నార పుల్లని వదలదు. ఆలస్యం చేస్తే నారే చివికిపోతుంది. మా అమ్మ రోజూ పొద్దున్నే గుంటలోకి దిగి, ఒక పుల్ల పైకి లాగి, మొదట్లో విరిచి, నారని బొటనవేలితో తోసి చూసేది. "ఇంకా రెండ్రోజులు ఆగాల" అందంటే ఆగాల్సిందే, ఊళ్ళో పెద్దరైతులు వచ్చి చెప్పినా వినేది కాదు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఆ నార అమ్మే అమ్మ నన్ను చదివించింది. ఆ వాసన ఆవిడ చీరల్లో, చేతుల్లో, చివరికి పెరుగన్నం ముద్దలో కూడా ఉండేది. అది కంపు అని నాకు ఊరు దాటి కాలేజీలో చేరాకే తెలిసింది.

ఆ నారే నాకు ఉద్యోగం కూడా ఇచ్చింది. బి.ఎస్సీ. కాగానే విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో, నార నాణ్యం పరీక్షించే గదిలో చేరాను. ఫ్రాన్సులో నార శాస్త్రం చదవడానికి ఏడాదిపాటు స్కాలర్‌షిప్పు ఇస్తున్నారని మేనేజరుగారు నా చేత దరఖాస్తు పెట్టించారు. అది వచ్చేసింది. ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. నార కోసం ఇంకెవరూ దరఖాస్తు పెట్టి ఉండరని నా అనుమానం. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, అరుగు మీద కూర్చుని ఊరందరికీ వినపడేలా అన్నాడు: "ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరిందట. ఇశాపట్నంలో బస్సు మారడం సేతకానోడు పరాన్సు ఎల్తాడట!" అమ్మ మాత్రం, "అక్కడా నారే గదా, ఎల్లనీరా" అని ఊరుకుంది. మిషన్ ఆసుపత్రిలో కెనడా నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఉండేది. ఆవిడ నెల్లాళ్ళు సాయంత్రాలు కూర్చోబెట్టి నాకు నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్పింది. ఆఖరి రోజున, "ఇవన్నీ మర్చిపోయినా పర్వాలేదు, మెర్సీ ఒక్కటి మర్చిపోకు. అక్కడ అది అన్నంలో ఉప్పు లాంటిది" అని చెప్పింది. కృతజ్ఞతలు అని దానర్థం. నేను బుద్ధిగా తలూపాను.

అరవై ఏడు అక్టోబరులో, ఉత్తర ఫ్రాన్సులో బెల్జియం సరిహద్దు దగ్గర ఒక చిన్న మిల్లుల ఊళ్ళో దిగాను. అన్నీ ఎర్ర ఇటుకల ఇళ్ళు, ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ ఉన్నాయి. సన్నటి వాన, చలి ముదిరేకొద్దీ సాయంత్రం అయిదింటికే చీకటి. నాకు మేడ మీద గది అద్దెకిచ్చిన ఇంటావిడకి అరవై దాటుంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి, ఆదివారం తప్ప నడుముకి ఏప్రన్ విప్పదు. భర్త పోయాడు, పిల్లల్లేరు. నేలకి మైనం రాసి అద్దంలా తోమేది. గుమ్మం దగ్గర రెండు కంబళి ముక్కలుండేవి. వాటి మీద పాదాలు పెట్టుకుని జారుకుంటూ నడవాలి తప్ప నేల మీద అడుగు వేయకూడదు. మొదటివారం నేను రెండుసార్లు వెల్లకిలా పడ్డాను. ఆవిడ రెండుసార్లూ ముందు నేల చూసి, తరవాత నన్ను చూసింది.

మా ఇద్దరికీ స్నేహం కుదిర్చింది గోగునారే. నేను చేరిన నార స్కూల్లో చూపించమని మా మిల్లువాళ్ళు ఇచ్చిన నార చుట్ట నా పెట్టెలో ఉంది. పెట్టె తెరవగానే ఆ వాసన గదంతా కొట్టింది. మెట్ల మీంచి ఇంటావిడ పరుగులాంటి నడకతో వచ్చింది. ఇంకేముంది, కంపని గెంటేస్తుందనుకున్నాను. ఆవిడ ఆ చుట్ట చేతిలోకి తీసుకుని, మొహం దగ్గర పెట్టుకుని, మంచం అంచున కూలబడిపోయింది. అప్పుడు తెలిసింది. వాళ్ళ నాన్న జీవితమంతా అవిసె కట్టల్ని నదిలో ఊరేసిన మనిషి. అవిసె గింజల మొక్కే, ఆ కాడ నారతోనే అక్కడ నాణ్యమైన బట్ట నేస్తారు. ఇప్పుడు నదిలో ఊరేయడం లేదు, ఫ్యాక్టరీ తొట్లలో చేస్తున్నారు. "ముప్ఫై ఏళ్ళయింది, ఈ వాసన మా ఇంట్లోకి వచ్చి" అంది. వాళ్ళ నాన్న ఎలా చూసేవాడో చేత్తో చూపించింది: ఊహలో ఒక పుల్ల పట్టుకుని, విరిచి, బొటనవేలితో తోసింది.  అది అచ్చం మా అమ్మ చెయ్యే.

జనవరిలో నాకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ఆవిడ ఉల్లిపాయల పులుసు లాంటిది కాచి మెట్లెక్కి తెచ్చేది, పోయిన భర్త ఉన్ని కోటు తెచ్చి నా మీద కప్పింది, నేను కలవరిస్తూ తెలుగులో మాట్లాడితే ఫ్రెంచిలో జవాబు చెప్పేది. జ్వరం తగ్గి లేచేసరికి నా లెక్కలో ఆవిడ మా పిన్ని అయిపోయింది. పైకి 'మదామ్' అనే పిలిచేవాణ్ణి కానీ, లోపల మాత్రం పిన్నే. గొడవంతా అక్కడే మొదలైంది. మా ఊళ్ళో పిన్నికి కృతజ్ఞతలు ఎవడు చెప్తాడు? కంచంలో కూర వేసిన తల్లికి దణ్ణం పెడితే, "ఏట్రా, నానేటి పరాయిదాన్నా?" అని గరిటె విసురుతుంది. సొంతమనిషి దగ్గర చెంబు మనమే తీసుకుంటాం, ఉప్పు తగ్గిందని మనమే అంటాం, చెప్పకుండా పని అందుకుంటాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. నేలమాళిగలోంచి బొగ్గులు మోసుకొచ్చేవాణ్ణి. అలమర తెరిచి రొట్టె నేనే కోసుకునేవాణ్ణి. సూపులో ఉప్పు లేదని మొహం మీదే చెప్పేవాణ్ణి. ఆవిడ దగ్గర మెర్సీ అనడం మాత్రం నాకు తెలీకుండానే మానేశాను. అది ఎంత ప్రేమో నాకు తెలుసు. ఆవిడకి తెలియాలి కదా! అది నాకు తట్టలేదు.

వసంతం వచ్చేసరికి ఆవిడ మాటలు తగ్గాయి. ప్లేటు బల్ల మీద పెట్టేటప్పుడు చిన్న చప్పుడు కొత్తగా వినిపించేది. ముసలితనం కదా, చెయ్యి వణుకుతోందేమోనని జాలిపడ్డాను. అంత తెలివైనవాణ్ణి.

మే నెలలో ఆ దేశమంతా సమ్మె పడింది. రైళ్ళు లేవు, పోస్టు లేదు, స్కూలు మూసేశారు, భోజనశాల మూసేశారు. దాదాపు నెల రోజులు నేను ఆవిడ పెరటి మీద, ఆవిడ దయ మీద బతికాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆవిడ అడక్కుండానే మూడు పూటలా పెట్టింది. బంగాళాదుంపలు, ఉల్లికాడలు, కుందేలు మాంసం, పొయ్యి మీద పొద్దస్తమానం వెచ్చగా ఉండే కాఫీ. ఒకరోజు ఏదో ఆకుతో పుల్లటి సూపు చేసింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని లేచి నిలబడ్డాను. గోంగూర కాదు గానీ గోంగూరకి మేనత్త కూతురు. మర్నాడు ఆవిడ బజారుకి వెళ్ళినప్పుడు పెరట్లో ఆ ఆకు మడి మొత్తం కోసేసి, నూనెలో మగ్గబెట్టి, ఎండుమిరపకాయలు దొరక్క మిరియాలు దంచి వేసి పచ్చడి చేశాను. తిరిగొచ్చి ఆవిడ బోసిపోయిన మడి చూసింది, గిన్నె చూసింది, ఒక ముద్ద తిని దగ్గింది. నేను మాత్రం లొట్టలేసుకుంటూ అంతా తినేసి, ప్లేటు కడిగి, మేడెక్కి పడుకున్నాను. సొంత పిన్ని ఇంట్లో కూడా అంత సుఖంగా తిని ఉండను.

సమ్మె ముగిసిన వారానికి, ఉదయం కాఫీ వేళ పోస్టుమాన్ గుప్పెడు ఉత్తరాలతో వచ్చాడు. నెలరోజుల తరవాత ఇంటి ఉత్తరాలు! నేను ఎగిరి గంతేసి, "మెర్సీ, మెర్సీ, మెర్సీ బోకూ!" అని అతని చెయ్యి పట్టుకుని ఊపేశాను. అతను వెళ్ళాక ఇంటావిడ కాఫీ కూజా పొయ్యి మీద పెట్టేసి నా ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు. "పోస్టుమాన్‌కి మెర్సీ. రొట్టెలవాడికి మెర్సీ. బస్సు కండక్టరుకి మెర్సీ. జనవరి నుంచి నేను వింటున్నాను, చూస్తున్నాను. నాకు ఒక్కసారి లేదు. వీధి ఊడ్చేవాడికి కూడా నేను మెర్సీ చెప్తాను. నెలాఖరుకి వేరే గది చూసుకో" అంది.

నాకు కాళ్ళ కింద నేల నిజంగానే జారింది, కంబళి ముక్కల సాయం లేకుండానే. నాకొచ్చిన ముక్కల్లో చెప్పబోయాను. మా దేశంలో సొంతవాళ్ళకి చెప్పం మదామ్, అమ్మకి చెప్పం, మీరు నాకు... తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నా సంజాయిషీ. ఆవిడ ఏప్రన్ సర్దుకుంది. "నేను మీ అమ్మని కాదు" అంది. అంతే.

మర్నాటి నుంచి నేను గంటకోసారి మెర్సీ చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ గోడకి చెప్పినట్టు "పర్లేదు" అనేది. భోజనం కలిసి కాదు, పళ్ళెంలో పెట్టి మెట్ల మీద ఉంచేది. చెప్పాల్సిన రోజుల్లో చెప్పని మాట, దాటిపోయాక ఎన్నిసార్లు చెప్పినా అది అద్దెకున్నవాడి మాటే అవుతుంది. గదులు వెతకడం మొదలుపెట్టాను. నల్లవాణ్ణి, పరదేశిని, ఒకటి రెండు తలుపులు తెరిచినట్టే తెరిచి మూసుకున్నాయి. కానీ నన్ను తినేసింది అది కాదు. గది ఎక్కడో దొరుకుతుంది. తొమ్మిది రోజులు నన్ను కాచుకున్న మనిషి, నేను విశ్వాసం లేనివాణ్ణని అనుకుంటూ మిగిలిపోతుంది. సముద్రాలు దాటి వెళ్ళిపోయాక ఇంక ఆ అభిప్రాయం మార్చేవాడెవడు? దానికి ఏడ్చాను, ఇరవైమూడేళ్ళ మగాణ్ణి.

నెలాఖరు ఇంకా అయిదు రోజులుందనగా, ఫిబ్రవరిలో ఓడ మీద బయలుదేరిన పార్సిలు వచ్చింది. గుడ్డలో కుట్టి, పైన మావ చేతిరాతతో అడ్రసు రాసి ఉంది. పోస్టుమాన్ నేను లేనప్పుడు ఇచ్చి వెళ్ళాడు. నేను ఇంటికొచ్చేసరికి ఇంటావిడ వంటింటి బల్ల ముందు కూర్చుని ఉంది, పార్సిలు విప్పలేదు గానీ మొహం దానికి దగ్గరగా ఉంది. గుడ్డలోంచే వాసన తెలిసిపోయింది. "ఇక్కడే విప్పు" అంది. విప్పాను. లోపల ఒక ఉట్టి. అమ్మ తొడ మీద పేని, నాలుగు పేటలు అల్లి, అడుగున కుదురు కట్టిన గోగునార ఉట్టి. దాంతో ఒక ఉత్తరం. అమ్మకి చదువు రాదు. ఆవిడ చెప్తుంటే మావ ఉన్నదున్నట్టు రాశాడు.

"ఏం రాసింది?" అని అడిగింది. నేను తడుముకుంటూ ఫ్రెంచిలోకి మార్చి చదివాను. అసలు ఉత్తరం ఇలా ఉంది: "ఒరే నాయనా, నీకు జొరమొస్తే ఆ పెద్దామె సూసిందని రాసినావు. నువ్వు ఆవిడికి ఏటీ సెప్పుండవు, నాకు తెలుసు. నాకు మాత్రం ఎప్పుడు సెప్పినావు? నీ నోట్లోంచి రాదు. ఇరుగింటోళ్ళు కూర అంపితే గిన్ని కాళీగా తిప్పి అంపకూడదు గదా. ఆవిడి గిన్నిలో ఏటేయాలో నాకు తోచనేదు. మన గుంటలో నార, నా సేత్తో పేనినాను. ఉల్లిపాయలు ఎట్టుకోమను. ఎలకలు అందుకోవు."

ఇంటావిడ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. ఉట్టి చేతిలోకి తీసుకుని, ఒక పేట విడదీసి, బొటనవేలితో రాసి చూసింది. "'నాకు మాత్రం ఎప్పుడు చెప్పాడు' అని రాసిందా? నిజంగా?" అంది. "నిజంగా" అన్నాను. "మళ్ళీ చదువు." చదివాను. "మీ అమ్మకి కూడా చెప్పవా?" అంది. "లేదు మదామ్." ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. మొదట భుజాలతో, తరవాత నోటితో, ఆఖరికి ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంటూ. ఎలకల సంగతి తలుచుకుని మరీ నవ్వింది. తరవాత లేచి కుర్చీ ఎక్కబోయింది. నేను కుర్చీ లాక్కుని, పొయ్యి పక్క దూలానికి నేనే ఉట్టి వేలాడదీశాను. అందులో ఉల్లిపాయలు పోసింది. ఆ రాత్రి పళ్ళెం మెట్ల మీదకి రాలేదు, ప్లేట్లు రెండూ బల్ల మీదే పెట్టింది.

అయితే ఆవిడ తేలిగ్గా వదిలే మనిషి కాదు. "అది మీ దేశం పద్ధతి. బాగుంది. ఇది నా వంటిల్లు. రోజుకొక్కసారి, పొద్దున్న కాఫీ దగ్గర చెప్పు. రోజంతటికీ అది చాలు" అని తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి అక్టోబరు దాకా రోజూ ఉదయం కప్పు అందుకుని నేను "మెర్సీ" అనేవాణ్ణి. ఆవిడ బడిలో హాజరు వేసే మాస్టారిలా తలూపేది. ఉప్పు లేదని నేను, ఆకుమడి జోలికి పోవద్దని ఆవిడ, మిగతా రోజంతా హాయిగా పోట్లాడుకునేవాళ్ళం.

వెళ్ళిపోయే రోజున స్టేషనుకి వచ్చింది, ఆదివారం టోపీ పెట్టుకుని. చేతిలో ఒక పొట్లం పెట్టి, "మీ అమ్మకి" అంది. రైలు కూత పెట్టింది. ఏడాదంతటికీ సరిపోయేలా ఒక పెద్ద వాక్యం ముందురోజే తయారుచేసి, బట్టీపట్టి వచ్చాను. నోరు తెరిచాను. ఉన్ని తొడుగు వేసుకున్న అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టేసింది. "ఊరుకో. నేను పోస్టుమాన్ని కాదు" అంది.

మా ఊరొచ్చాక పొట్లం అమ్మ చేతిలో పెట్టాను. అందులో తెల్లటి అవిసెనార తువ్వాలు ఉంది, వాళ్ళ నాన్న ఊరేసిన నారతో ఎప్పుడో నేసినది. అమ్మ అంచు పట్టుకుని బొటనవేలితో రాసింది. "బాగా ఊరేసినారు. తెలిసినోళ్ళే" అంది. అంతకు మించి పొగడ్త ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "అమ్మా, ఆ ఉట్టి పంపినందుకు..." అని మొదలుపెట్టాను. "ఏట్రా, ఎవులితో మాటాడతన్నావు? కూకో, అన్నం తిను" అంది. కూర్చుని తిన్నాను. మదామ్‌కీ నాకూ చాలా ఏళ్ళు ఉత్తరాలు నడిచాయి. ఉట్టిలో ఉల్లిపాయలు బాగున్నాయని ప్రతి ఉత్తరంలోనూ రాసేది. తరవాత నేను రాసిన రెండింటికి జవాబు రాలేదు. దానర్థం ఏ దేశంలోనైనా ఒకటే. అమ్మ కూడా ఆ తరవాత రెండేళ్ళకి పోయింది.

ఆ పెళ్ళి దారిలో, గోగు గుంట పక్కనే గేదెలు అడ్డొచ్చి మావాడు కారు ఆపాడు. గుంటలో ఆయన ఒక పుల్ల పైకి లాగి, విరిచి, బొటనవేలితో తోసి చూసి, మళ్ళీ నీళ్ళలో ముంచేశాడు. ఇంకా రెండ్రోజులు ఆగాలన్నమాట. కోడలు నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చింది. తాగి, ఏమీ అనకుండా తిరిగిచ్చాను, తనూ ఏమీ అనుకోకుండా మూత పెట్టుకుంది. గోగుకి ఊరే గడువొకటుంది, అది దాటితే నార చివికిపోతుంది. ఆ ఇద్దరాడవాళ్ళనీ, అమ్మనీ మదామ్‌నీ, నేను యాభై ఏళ్ళు పైగా మనసులో ఊరేసే ఉంచాను. ఎప్పుడు పైకి తీసి బొటనవేలితో తోసి చూసుకున్నా, నార ఇంకా గట్టిగానే ఉంది.